నియామ్ కాదు, నీవ్!

కిందటి వేసవిలో మా పాత విద్యార్థి ఒకడు డబ్లిన్ నుంచి ఫోన్ చేశాడు. డబ్లిన్ ఐర్లండు దేశానికి రాజధాని. ఐర్లండు ఎక్కడుందో అట్లాసులో చూడండి. ఇంగ్లండుకు పడమట, సముద్రం మధ్య ఉన్న పచ్చని ద్వీపం. మావాడి కూతురు అక్కడి బడిలో మూడో తరగతి చదువుతోంది. తన తరగతి స్నేహితుల పేర్లు ఒక కాగితం మీద గుండ్రని అక్షరాలతో రాసిందట. ఆ కాగితాన్ని ఫొటో తీసి నాకు పంపారు.

ఇరవై ఎనిమిదేళ్లుగా రోజూ హాజరు పిలుస్తున్నవాణ్ణి. పేర్లు చదవడం నాకొక లెక్కా అనుకుని ఫోన్‌లోనే గట్టిగా చదివాను: "నియామ్... సియోభన్... సావోయిర్స్... టాధ్గ్..."

అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తరవాత పకపకా నవ్వు. "తాతగారూ, ఒక్కటీ కరెక్టు కాదు!" అంది పాప.

మీరూ ప్రయత్నించండి. మొదటి పేరు ఎన్, ఐ, ఏ, ఎమ్, హెచ్ అనే అక్షరాలతో రాస్తారు. చదవవలసింది ‘నీవ్’ అని. రెండోది ఎస్, ఐ, ఓ, బి, హెచ్, ఏ, ఎన్. అది ‘శివాన్’. మూడోది ఎస్, ఏ, ఓ, ఐ, ఆర్, ఎస్, ఈ. అది ‘సీర్శ’, కొన్ని ప్రాంతాల్లో ‘సర్శ’ అంటారు. నాలుగోది టి, ఏ, డి, హెచ్, జి. ‘టైగర్’ అనబోయి చివరి ముక్క మింగేస్తే ఆ పేరు వస్తుంది: ‘టైగ్’. ఐరిష్ భాష బాగా వచ్చినవాళ్లు అందులోని మొదటి హల్లును మన ‘త’ లాగా, నాలుక పళ్లకు తగిలేలా పలుకుతారు.

‘నీవ్’ పేరు చివర ఎమ్ ఎందుకుంది? వ వినిపిస్తుంటే వ రాయక, మ రాసి పక్కన హ పెట్టడం ఏం తెలివి? ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. పుస్తకాలు తిరగేశాను. చివరికి తేలిందేమిటంటే, ఈ ప్రశ్నకు జవాబు మన ఇళ్లలోనే, మన నోళ్లలోనే ఉంది!

మావయ్యా, పామూ

మీ అమ్మగారి తమ్ముణ్ణి మీరేమని పిలుస్తారు? పుస్తకంలో ‘మామయ్య’ అని ఉంటుంది. నోటితో చాలామందిమి ‘మావయ్య’ అంటాం. మామిడిపండును ‘మావిడిపండు’ అంటాం. మ ఏమైంది? వ ఎలా అయింది?

ఒక చిన్న ప్రయోగం చేద్దాం. దీనికి కావలసిన పరికరాలు ఒక అద్దం, మీ ముక్కు. అద్దం ముందు నిలబడి ‘అమ’ అనండి. మ దగ్గర రెండు పెదవులూ గట్టిగా మూసుకుంటాయి. గాలి ముక్కు గుండా పోతుంది. ఇప్పుడు ‘అవ’ అనండి. పెదవులు దగ్గరికి వస్తాయి గాని పూర్తిగా మూసుకోవు. మ పలికేటప్పుడు పెదవులు కాస్త బద్ధకించాయనుకోండి, మూసుకోవలసినవి మూసుకోకుండా ఆగిపోయాయనుకోండి, పుట్టేది వ. పైగా ముక్కులో కొంచెం ధ్వని మిగిలి ఉంటుంది.

అది నిజమో కాదో ముక్కే చెబుతుంది. పల్లెల్లో ‘పాము’ను ‘పాఁవు’ అంటారు. పావుకిలోలోని ‘పావు’ వేరు, ఈ ‘పాఁవు’ వేరు. ముక్కు వేళ్లతో మూసుకుని రెండూ పలికి చూడండి. మొదటిది హాయిగా వస్తుంది. రెండోది ముక్కులో ఇరుక్కుంటుంది. మీ వ్యాకరణంలో అరసున్న అని ఒక గుర్తు చదివారు కదా, అది సూచించేది ఇలాంటి ముక్కు ధ్వనినే. సంస్కృతంలోని ‘గ్రామ’ హిందీలో ‘గాఁవ్’ అయింది. ‘కుమార’ అనే మాట ‘కుఁవర్’ అయింది. అవీ ఈ దారిలో పోయినవే.

హల్లు ముందూ వెనకా అచ్చులుంటే ఇలా జరగడం సహజం. అచ్చు పలకాలంటే నోరు తెరవాలి. హల్లు కోసం ఒక్క లిప్త మూసి, మళ్లీ అచ్చు కోసం తెరవాలి. గబగబా మాట్లాడేటప్పుడు నోరు ఆ శ్రమను తగ్గించుకుంటుంది. ఐరిష్ భాషలోనూ సుమారు పదిహేను వందల ఏళ్ల నాడు సరిగ్గా ఇదే జరిగింది. రెండు అచ్చుల మధ్య చిక్కిన మ, బ మెత్తబడి వ అయ్యాయి. ఆ మెత్తబడిన మ కూడా మొదట్లో మన ‘పాఁవు’లో లాగా ముక్కుతో పలికేదే. తరవాత ఆ ముక్కు ధ్వని చాలావరకు పోయింది.

మెత్తబడింది సరే, మరి దాన్ని రాయడం ఎలా? ఐర్లండులో మనకు దొరికే మొదటి రాతలు రాళ్ల అంచుల మీద గీసిన గీతలు. ఆ లిపిని ఓగమ్ అంటారు. క్రీస్తు తరవాత నాలుగు, అయిదు, ఆరు శతాబ్దాల నాటివి అవి. సరదా ఏమిటంటే, ఆ రాళ్ల మీద ఉన్నవి దాదాపు అన్నీ మనుషుల పేర్లే! ఫలానావాడి కొడుకు ఫలానావాడు, అంతే. ‘కొడుకు’ అనే మాట వాటిలో ‘మక్వి’ అని ఉంటుంది. నేటి ఐరిష్‌లో అది ‘మక్’. అంటే చివరి అచ్చు రాలిపోయింది. ఇలా ఎన్నో మాటల తోకలు తెగిపోయాయి. కాని తోక ఉన్న రోజుల్లో మెత్తబడిన హల్లు మాత్రం మెత్తగానే ఉండిపోయింది.

క్రైస్తవ సన్యాసులు లాటిన్ లిపి తెచ్చారు. సంప్రదాయ ఐరిష్ అక్షరమాలలో 18 అక్షరాలే. మనం 56 అక్షరాలు బట్టీపట్టినవాళ్లం. ఆ పిల్లల మీద అసూయ కలుగుతోంది కదా! తొందరపడకండి. ధ్వనులు చూస్తే అక్షరాలకు రెట్టింపు కంటె ఎక్కువ. ఆ 18లో వి అనే అక్షరం లేనే లేదు. కాబట్టి మెత్తబడిన హల్లు మీద చుక్క పెట్టడమో, పక్కన హెచ్ రాయడమో చేశారు. ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు ఐరిష్ పుస్తకాలు ప్రత్యేకమైన అచ్చులో, చుక్కలతో వచ్చేవి. ఆ తరవాత మామూలు రోమన్ అచ్చులోకి మారాక చుక్కల స్థానంలో హెచ్ స్థిరపడింది. ఆ హెచ్ హకారం కాదు, అదొక గుర్తు. ‘నా ముందున్న హల్లును మెత్తగా పలుకు’ అని దాని అర్థం. మ పక్కన హెచ్ వస్తే వ, బ పక్కన హెచ్ వస్తే వ. నీవ్‌లోనిది మొదటి రకం, శివాన్‌లోనిది రెండోది.

కూరగాయల సంధి

"వ వినిపిస్తే ఏదో ఒక కొత్త అక్షరం పెట్టి రాసుకోవచ్చు కదా మాస్టారూ, మ ఎందుకు ఉంచడం?" అని మా తొమ్మిదో తరగతి కుర్రాడొకడు అడిగాడు. మంచి ప్రశ్న.

కూర, కాయ కలిస్తే ఏమవుతుంది? కూరగాయ. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. ఊరు, పల్లె కలిస్తే ఊరువల్లెలు. మీరు మూతి ముడుచుకుంటూ చదివే గసడదవాదేశ సంధి ఇదే. ఒక మాట మరో మాట వెనక చేరగానే దాని మొదటి హల్లు మారిపోతుంది. ప్రపంచంలో అన్ని భాషల్లోనూ ఇది ఉండదు. మనకుంది, ఐరిష్‌వాళ్లకుంది. వాళ్లకు మరీ ఎక్కువ.

ఒక ఐరిష్ ఇంటిపేరు చూడండి: ‘మాల్య’. ఆ ఇంటి అబ్బాయి ‘ఓ మాల్య’ అవుతాడు. ‘ఓ’ అంటే మనవడు, ఆ వంశంవాడు. ఆ ఇంటి అమ్మాయి ‘నీ వాల్య’ అవుతుంది. ‘నీ’ అంటే ఆ వంశపు ఆడపడుచు. ‘నీ’ వెనక వచ్చినందువల్ల మ మెత్తబడి వ అయింది. అన్న మాల్య, చెల్లెలు వాల్య! వినిపించినట్టే రాస్తే ఇద్దరిదీ ఒకే ఇల్లని ఎవరికి తెలుస్తుంది? మ ఉంచి పక్కన హెచ్ చేర్చి రాస్తే కన్ను ఇంటిపేరును పోల్చుకుంటుంది, నోరు వ పలుకుతుంది. మనం ‘దండ్రులు’ అని రాసేసి ఊరుకుంటాం. నిఘంటువులో ద కింద వెతికితే తండ్రి దొరకడు. ఐరిష్ పద్ధతి మనకుంటే ఆ మాటను ‘తల్లి దతండ్రులు’ అని రాసి, ద మాత్రం పలకండి అనేవాళ్లు. నవ్వకండి, ఐరిష్‌లో కొన్ని చోట్ల త, ద అవుతుంది, క, గ అవుతుంది. అప్పుడు వాళ్లు రెండక్షరాలూ పక్కపక్కనే రాస్తారు!

పేరు పెట్టి పిలిచినా హల్లు మారుతుంది. మనం రాముణ్ణి ‘రామా!’ అని పిలిచినట్టే వాళ్లకూ సంబోధన రూపం వేరు. ‘శాన్’ అనేవాణ్ణి పిలిచేటప్పుడు శ మెత్తబడి హ అవుతుంది. ఐరిష్‌కు చెల్లెలయిన స్కాట్లండు గేలిక్ భాషలో ‘శేమస్’ అనే పేరు పిలుపులో ‘హేమిశ్’ లాగా వినిపిస్తుంది. విన్న ఇంగ్లీషువాళ్లు అదే అసలు పేరనుకున్నారు. ఇవాళ ‘హేమిష్’ అని పేరున్నవాళ్లంతా నిజానికి ‘ఓ శేమసూ!’ అనే పేరుగలవాళ్లన్నమాట.

ఇక శ సంగతి. ‘చిలుక’, ‘చెట్టు’ అనండి. తరవాత ‘చలి’, ‘చుట్టం’ అనండి. రాత ఒకటే చ, పలుకు రెండు. ఇ, ఎ వంటి అచ్చుల ముందు తాలవ్యం, అ, ఉ, ఒ ముందు దంత్యం. పాత పుస్తకాల్లో దంత్యమైన చ మీద రెండంకె లాంటి గుర్తు కూడా వేసేవారు. మనకు ఈ తేడా చ, జ లకు మాత్రమే. ఐరిష్‌లో దాదాపు ప్రతి హల్లుకూ ఉంది. పక్కన ఐ గాని ఈ గాని ఉంటే సన్నని హల్లు. ఏ, ఓ, యు ఉంటే లావు హల్లు. సన్నని ఎస్ అంటే మన శ. అందుకే శివాన్, అందుకే శాన్. 1969 నుంచి 1974 దాకా మన రాష్ట్రపతిగా ఉన్న వి.వి.గిరి గారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లి, అక్కడి స్వాతంత్ర్యోద్యమ గాలి తగిలి 1916లో తిరిగి వచ్చారు. ఆయన కథల్లో ‘సిన్ ఫెయిన్’ అని మనం రాసే ఆ పార్టీ పేరు కూడా నిజానికి ‘శిన్ ఫేన్’.

ఇంకొక చిక్కుంది. హల్లు సన్నమో లావో చెప్పడానికే కొన్ని అచ్చులు రాస్తారు, అవి పలకవు. సీర్శ పేరులో అచ్చుల గుంపు అలా చేరిందే. వాటన్నిటినీ వరసగా పలకబోయి నేను ‘సావోయిర్స్’ అన్నాను. ఆ మాటకు అర్థం స్వేచ్ఛ. మాట పాతదే, పేరుగా పెట్టుకోవడం మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో మొదలైంది. ఆ పేరున్న సినిమా నటి సర్శా రోనన్ అమెరికాలో ఎవరికీ తన పేరు నోరు తిరగకపోతే, ‘ఇనర్షియా’తో ప్రాస కుదురుతుందని చెబుతుంది. ఇనర్షియా అంటే మన భౌతికశాస్త్రంలోని జడత్వమే! నేనయితే ఆ పాఠం ఆవిడ పేరుతోనే మొదలుపెడతాను.

బండి మీది పేరు

ఇంతవరకు చెప్పింది నోటి సంగతి. పేర్లతో వాళ్లు పడ్డ అవస్థ నోటితో ఆగలేదు. ఐర్లండు శతాబ్దాల పాటు ఇంగ్లండు ఏలుబడిలో ఉంది. 1465లోనే ఒక చట్టం వచ్చింది: డబ్లిన్ చుట్టుపక్కల ఇంగ్లీషు అధికారం నడిచే ప్రాంతంలోని ఐరిష్‌వాళ్లు ఊరి పేరో, రంగు పేరో, వృత్తి పేరో ఇంగ్లీషులో ఇంటిపేరుగా పెట్టుకోవాలని. సముద్రం మీద ఓడలు నడిపి పేరు మోసిన గ్రాన్య నీ వాల్య అనే వీరవనిత 1593లో ఇంగ్లండు వెళ్లి ఎలిజబెత్ రాణిని కలుసుకుంది. ఇంగ్లీషువాళ్ల కాగితాల్లో ఆమె పేరు ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. చివరికి ‘గ్రేస్ ఓమాలీ’గా మిగిలింది.

తైగ్ అనే పేరున్నవాళ్లను రికార్డుల్లో ‘తిమోతి’ అని రాశారు. ఆ రెండు పేర్లకూ ఏ సంబంధమూ లేదు. రాసేవాడికి నోరు తిరగలేదు, అంతే. 1831 నుంచి వచ్చిన ప్రభుత్వ బడుల్లో చదువు ఇంగ్లీషులో సాగింది. పిల్లవాడి మెడలో ఒక కర్ర కట్టి, ఐరిష్ మాట్లాడినప్పుడల్లా దాని మీద గాటు పెట్టి, సాయంత్రం గాట్లు లెక్కపెట్టి కొట్టే ఆచారం చాలా చోట్ల ఉండేది. 1845లో మొదలై 1852 దాకా సాగిన కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు. అంతకు మించి వలసపోయారు. ఐరిష్ మాట్లాడే పేద పల్లెలే ఎక్కువ దెబ్బతిన్నాయి.

తిమోతి సంగతి చదువుతూ నేను పుస్తకం మూసేశాను. నా మొదటి ఉద్యోగం ఏజెన్సీ ప్రాంతంలో. అక్కడ రెండో తరగతిలో చేరిన ఒక గిరిజన బాలిక పేరు నాకు పలకడం రాలేదు. రెండుమూడు సార్లు ప్రయత్నించి, విసుగొచ్చి రిజిస్టరులో ‘లక్ష్మి’ అని రాసేశాను. ఆ పాప మర్నాటి నుంచి ‘లక్ష్మి’ అంటే చేయెత్తేది. మంచి పేరే ఇచ్చానని అప్పుడు అనుకున్నాను. ఆ అమ్మాయి అసలు పేరు ఇప్పుడు ఎంత గుర్తుచేసుకుందామన్నా రావడం లేదు.

1905లో డానిగాల్ అనే జిల్లాలో ఒక విచిత్రమైన కేసు నడిచింది. బండి మీద యజమాని పేరు స్పష్టంగా రాయాలని చట్టం. నీల్ మక్ గిల్ల వ్రీజె అనే ఆయన తన గాడిద బండి మీద పేరును ఐరిష్‌లో రాసుకున్నాడు. అది చదవడానికి వీల్లేని రాత అని జరిమానా వేశారు! ఆయన తరఫున కోర్టులో వాదించిన పడుచు న్యాయవాది పాట్రిక్ పియర్స్. కేసు ఓడిపోయింది. పదకొండేళ్ల తరవాత, 1916 తిరుగుబాటుకు నాయకుడై, ఇంగ్లీషువాళ్ల తుపాకులకు బలైనవాడు ఆ పియర్సే.

ఆరేళ్ల తరవాత, 1922లో ఐర్లండులో ఎక్కువ భాగానికి సొంత ప్రభుత్వం వచ్చింది. 1937 నాటి రాజ్యాంగం ఐరిష్‌ను మొదటి అధికార భాష చేసింది. పలకని అక్షరాలు మరీ ఎక్కువయ్యాయని కొన్నింటిని తీసేసి రాతను సులువు చేశారు. ఆ ప్రమాణ గ్రంథం 1958లో వెలువడింది. కాని పేర్లు ఆ కత్తెరకు పూర్తిగా లొంగలేదు. ‘ఫీఅ’ అనే పేరు 2021లో ఐర్లండులో పుట్టిన ఆడపిల్లలకు అన్నిటికంటె ఎక్కువగా పెట్టిన పేరు. కొత్త పద్ధతిలో మూడక్షరాలు చాలు. తల్లిదండ్రులు పలకని డి, హెచ్ కూడా చేర్చి పాత పద్ధతిలోనే రాస్తున్నారు. దీనికి ఎదురుదారి పట్టినవాళ్లూ ఉన్నారు. ప్రసిద్ధ గాయని ఎన్యా పేరును ఐరిష్‌లో ఈ, ఐ, టి, హెచ్, ఎన్, ఈ అని రాయాలి. లోకమంతా చదవగలగాలని ఆమె వినిపించినట్టే నాలుగక్షరాల్లో రాసుకుంది. ఎవరిది సరి అంటే నేను చెప్పను. అది పేరుగలవాళ్ల ఇష్టం.

పైనుంచి దీర్ఘం గొడవ ఒకటి. ఐరిష్‌లో అచ్చు మీద వాలుగా ఒక గీత పెడితే దీర్ఘం. ‘శాన్’ రాసేటప్పుడు ఆ గీత మరిస్తే అది పేరు కాదు, ‘ముసలి’ అనే మాట! గీత పెట్టలేని కంప్యూటర్ల పుణ్యమా అని ఎందరో పడుచువాళ్లు కాగితాల మీద ముసలివాళ్లవుతున్నారు.

ఇంకా ఆ పాప సంగతి చెప్పలేదు. పాప పేరు చివర మన ‘త’ ఉంది. లత, గీత, లలిత పేర్లను ఇంగ్లీషులో రాసేటప్పుడు మనం టి పక్కన హెచ్ పెడతాం కదా. ఎందుకు? ట కాదు, త అని చెప్పడానికి. అంటే మన హెచ్ కూడా హకారం కాదు, ఉత్త గుర్తే! ఉత్తరాదివాళ్లు దాన్ని చూసి ‘లథా’ అంటారు. "ఐరిష్ లెక్కన టి పక్కన హెచ్ ఉంటే హ అవుతుంది తాతగారూ, అప్పుడు లతను లహ అనాలి" అంది పాప. బడిలో చేరిన మొదటి వారం తన పేరు అక్కడ ఎవరికీ పలకడం రాలేదట. నీవ్ అనే అమ్మాయి మాత్రం రోజూ వచ్చి, "మళ్లీ ఒకసారి చెప్పు" అని అడిగి నేర్చుకుందట. ఇప్పుడు ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుంటారు.

మొన్న పాప ఇంకొక పేరు పంపింది. ఎస్, ఏ, డి, హెచ్, బి, హెచ్. ఆరక్షరాల్లో అచ్చు ఒక్కటే! నల్లబల్ల మీద రాసి మా తొమ్మిదో తరగతి ముందు పెట్టాను. పక్కన ఉన్నది ఏ కాబట్టి ఎస్ లావుది, అంటే స. బి పక్కన హెచ్ సంగతి మీకు తెలుసు. మధ్యలో ఏ, డి, హెచ్ కలిస్తే ఏమవుతుందో టైగ్‌లో చూశారు. చివరి బెంచీ నుంచి ఒక పిల్ల లేచి, "సైవ్ అండీ" అంది.

సరిగ్గా చెప్పింది.